శివారు లెక్క

టెక్కలిలో మా ల్యాబుకి ఒకటే కిటికీ,
అది కాలువ వైపు.
దానికి నల్లగుడ్డ కట్టి
లోపల ఒక వెలుగుని పెంచుతున్నాం.

ఎదురుగా దారానికి వేలాడుతోంది
చొక్కా గుండీ అంత అల్యూమినియం బిళ్ల.
వెనక పలచగా ప్లాస్టిక్ పూత.
దాన్ని మేం రాకెట్ అంటాం.
నవ్వకండి.
లేజరు తగిలిన చోట పూత పొగై లేస్తుంది,
పొగ ఇటు, బిళ్ల అటు.
పొయ్యి ఇంటి దగ్గరే ఉంచి
వేడిని మాత్రం వెంట పంపడం, అంతే సంగతి.
మామూలు రాకెట్టయితే
మూటని మోయడానికి ఇంకో మూట మోస్తుంది.

కదిలింది, నిజమే.
వెంట్రుక మందం కదిలింది.

ఆ రాత్రి పద్దు రాశాను.
గోడ ప్లగ్గులోంచి తీసుకున్నది నూరు.
లేజరుగా మారింది ముప్ఫై.
డెబ్బై, చల్లబరిచే నీళ్లలో వేడై
పెరటి గొట్టంలోంచి పోయింది.
అద్దాల మీది దుమ్ము తిన్నది రెండు.
బిళ్ల అంచు దాటి గోడని కాల్చింది ఆరు.
ఇరవై రెండు గుమ్మం దాకా వచ్చాయి.
తోపుగా లోపలికి అందింది
ఒకటిన్నర.
రెండని రాయబోయి
పెన్ను ఆపుకున్నాను.

"మీది లేజరు, నాది లస్కరు,
ఇంటిపేరు ఒకటేనేటమ్మా?" అంటాడు తవిటినాయుడు.
వంశధార ఎడమ కాలువ మీద
ముప్ఫయ్యేళ్లుగా షట్టర్లు తిప్పిన చేతులు.
టీకొట్టు దగ్గర నా ఇరవై రెండు గురించి చెప్పాను.
గ్లాసు కింద పెట్టాడు.

"గొట్టా కాడ ఎంత ఒగ్గినారో
కాయితం మీదుంటాది.
శివారు మడి తడిసినాదా లేదా,
అదీ లెక్క.
ఒకేపాలి ఒగ్గేత్తన్నారేటి?
ముందెల్లిన నీరే బురదెత్తి
ఎనకాల నీటికి అడ్డం పడతాది.
వంతులెయ్యండి.
ఒగ్గండి, ఆపండి, తేటపడనియ్యండి.
మళ్లీ ఒగ్గండి."

టీ చల్లారిపోయింది. పరుగున వచ్చి చూశాను.
మొదటి వెలుగు లేపిన పొగే
తర్వాతి వెలుగుకి గోడై నిలబడుతోంది.
మేం పంపుతున్నది మేమే ఆపుకుంటున్నాం,
సెకనులో కోటోవంతు కూడా ఓపిక లేక.

ఒక్క పెద్ద దెబ్బని ఎనిమిది చిన్నవి చేశాం.
నడుమ పొగ విడిపోయేంత ఖాళీ.
ల్యాబ్ పుస్తకంలో ఆ ఖాళీ పేరు 'వంతు'.
ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు అచ్చుతప్పు అనుకున్నారు.

రెండుంబావు.
మూడు నెలల పనికి ముప్పావు లాభం.
స్వీట్లు పంచలేదు గానీ
ఆ రోజు ఎవరూ బస్సు కోసం తొందరపడలేదు.

పుష్యమాసం ఒక తెల్లవారుజామున
పెరటి తలుపు తీస్తే
గొట్టం కింద బకెట్టు పెట్టుకుని
వాచ్‌మన్ కూర్మారావు, ఒంటినిండా సబ్బు.
"మిషను ఆపేత్తే ముందే సెప్పండమ్మా,
రేపు పుల్లలు తెచ్చుకోవాల" అన్నాడు, కళ్లు మూసుకునే.
పద్దులో డెబ్బై పక్కన
పెన్సిలుతో రాసుకున్నాను:
స్నానం, ఒకటి.

నిన్న తవిటినాయుడిని లోపలికి పిలిచాం.
ఆకుపచ్చ కళ్లద్దాలు పెట్టుకుని
పెళ్లిచూపులకి వచ్చినవాడిలా
బల్లకి దూరంగా నిలబడ్డాడు.
టక టక టక. బిళ్ల జరిగింది.
వంగి చూశాడు, ఇంకా వంగాడు.
"తడిసినాది" అన్నాడు.

అందరం చప్పట్లు కొట్టాం.
ఆయన మాత్రం బిళ్లని వదిలేసి
వెనక గోడ దగ్గరికి నడిచాడు.
అంచులు దాటిపోయిన వెలుగు
సున్నం మీద కాల్చిన నల్లటి మచ్చ,
దాని మీద అరచెయ్యి పెట్టి
వేడి తెలిసేదాకా ఉంచి
అడిగాడు:

"మరి ఈ మడి ఎవులిదమ్మా?"